ఎండ తగలని బిడ్డ



ఎముకల బలానికి విటమిన్ డి అవసరమని మన పిల్లలు బడిలోనే చదువుకుంటారు. ఎండ సోకినప్పుడు చర్మమే దానిని తయారు చేస్తుంది. కాలేయము, మూత్రపిండాలు దానిని శరీరానికి పనికివచ్చేట్లు మారుస్తాయి. అది తక్కువైతే తిన్న ఆహారంలోని కాల్షియం సరిగా ఒంటబట్టదు. క్యాన్సరుతో బాధపడే పిల్లలలో ఈ లోటు తరచుగా కనిపిస్తుంది. డాక్టరు ఈ మాట చెప్పగానే తల్లి మనసులో ఒక ప్రశ్న పుడుతుంది: "నేను బిడ్డను ఎండలో ఆడుకోనివ్వలేదు. అందుకే ఈ జబ్బు వచ్చిందా?"

రెండు విషయాలు జతగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. తర్కశాస్త్రం చదివేవారికి మొదట్లోనే నేర్పే పాఠమిది. జబ్బు, దాని చికిత్స కూడ ఈ లోటును తెచ్చిపెడతాయి. వారాల తరబడి ఆసుపత్రి గదిలో పడుకున్న బిడ్డకు ఎండ ఎక్కడిది? వాంతులతో అన్నం సయించదు. కొన్ని మందులు వాడేటప్పుడు ఎండ పడదు గనుక డాక్టర్లే నీడన ఉంచమంటారు. పైగా ఎండకు కొదవలేని మన దేశంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలలోనూ ఈ లోటు మామూలే. వారందరికీ క్యాన్సరు రావడం లేదు గదా! పుట్టుగ్రుడ్డి వానిని చూచి, తప్పెవరిదని శిష్యులు వెదకినట్లు మనమూ వెదకరాదు. ఆ తల్లి దోషి కాదు.

కారణం కానప్పుడు పట్టించుకోవడం దేనికి? ప్రాణానికే ముప్పు వచ్చిన వేళ ఎముకల సంగతి ఎందుకని కొందరంటారు. న్యాయంగానే తోచే మాట. కాని ఒక్కసారి ఆలోచించండి. రక్త క్యాన్సరుకు ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఎముకలను బలహీనపరుస్తాయి. ఎముకలు పెరిగి గట్టిపడవలసిన వయసూ అదే. 1948లో అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు మందిచ్చి జబ్బును తాత్కాలికంగా తగ్గించగలిగితే, అదే గొప్ప విజయమైంది. నేడు మంచి వైద్యం అందే దేశాలలో క్యాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రతుకుతున్నారు. బ్రతికే బిడ్డ రేపు నడవాలి, పరుగెత్తాలి, కష్టపడి పనిచేసుకోవాలి. వాని ఎముకలను గురించి ఆలోచించడమంటే వాని భవిష్యత్తును నమ్మడమే. బిడ్డను జబ్బుగా కాక, బిడ్డగా చూడడమే.

అయితే విటమిన్ డి క్యాన్సరును నయం చేసే మందు కాదు. అలా ఎవరైనా చెబితే నమ్మవద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కనుక మందుల షాపులో సొంతంగా కొని వేయవద్దు. రక్తపరీక్ష అవసరమా, ఎంత మోతాదు ఇవ్వాలి, ఎండలో కూర్చోబెట్టవచ్చునా అని వైద్యం చేసే డాక్టరునే అడగండి. అలా అడగడానికి తల్లిదండ్రులు మొగమాట పడనక్కరలేదు.

పరామర్శకు వెళ్ళే ఇరుగుపొరుగు వారికి ఒక మనవి. "బిడ్డకు సరిగా పెట్టలేదా, ఎండ తగలనివ్వలేదా" అని ఆ యింట అడగకండి. ఆ ప్రశ్న తల్లి ఇప్పటికే రాత్రింబవళ్ళు తన్ను తాను అడుగుకొంటోంది. దానికి బదులు, ఆమె కాస్త నిద్రపోయేలా ఒక పూట ఆసుపత్రిలో బిడ్డ దగ్గర కూర్చోండి.