మౌనము అర్ధాంగీకారమా?

మౌనము అర్ధాంగీకారమని పెద్దలందురు. పెండ్లి మాటల వేళ తలవంచుకొన్న కన్యను గూర్చి పుట్టిన మాట కాబోలు. లోకము దానిని అన్ని చోట్లకును లాగినది. కన్నుల యెదుట మోసము జరుగుచుండగా నోరు మెదపనివాడు ఆ మోసములో సగము పాలు పంచుకొన్నట్లేనా? సైకిలు పందెముల చరిత్రలో ఈ ప్రశ్న నిలిచినంత తీక్ష్ణముగా వేరొక క్రీడలో నిలువలేదని చెప్పవచ్చును.

ఫ్రాన్సు దేశమున జరుగు టూర్ డి ఫ్రాన్స్ అను పందెము మూడు వారములు, మూడువేల కిలోమీటర్లకు పైగా సాగును. అందు పాల్గొనువారికి సైకిలు త్రొక్కుటయే జీవనాధారము. 1967 జూలై 13న వాంతూ పర్వతము ఎక్కుచు టామ్ సింప్సన్ అను ఆంగ్లేయుడు కుప్పకూలి మరణించెను. అతని దేహమున ఉత్తేజకపు మందు జాడలు కనబడినవి. తరువాత మందులు మారినవి గాని వాడుక మానలేదు. 1990 దశకమున వ్యాపించిన ఈ.పీ.ఓ. అను సూదిమందు రక్తములోని ఎర్రకణములను పెంచి కండరములకు ప్రాణవాయువును అధికముగా చేర్చును. మోతాదు మించినచో రక్తము చిక్కబడి గుండెకే ముప్పు. 1998లో ఫెస్టినా జట్టు కారొకటి మందులతో సరిహద్దున పట్టుబడినప్పుడు గాని ఈ వ్యవహారపు లోతు లోకమునకు తెలియలేదు. ఆ జట్టులో క్రిస్టోఫ్ బాసోన్స్ అను యువకుడొక్కడు మందు ముట్టలేదని అతని తోడివారే విచారణలో చెప్పిరి.

మరుసటి సంవత్సరపు పందెములో బాసోన్స్ ఒక దినపత్రికకు వ్రాయుచు తన సందేహములను దాచలేదు. అప్పుడు ముందంజలో నున్న అమెరికా వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దారిలో అతని ప్రక్కకు వచ్చి ఇంటికి పొమ్మనెను. తోడివారు మొగము చాటువేసిరి. పందెము ముగియక మునుపే బాసోన్స్ వెడలిపోయెను. 2004లో ఇటలీ దేశస్థుడు ఫిలిప్పో సిమియోనికి ఇట్టిదే జరిగెను. మికేలె ఫెరారీ అను వైద్యునిపై న్యాయస్థానమున సాక్ష్యము చెప్పినవాడితడు. ఇతడు ముందుకు ఉరికిన చిన్న గుంపును చేరబోగా, ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయముగా తరిమి పట్టుకొని, వెనుకకు మరలక తప్పని స్థితి కల్పించెను. సిమియోని వలన అతని స్థానమునకు ఏ భయమును లేదు. తరువాత పెదవులు మూసికొనుమన్నట్లు వ్రేలితో సైగ చేసెను.

వందమందికి పైగా దృఢకాయులు ఒక్కని సైగకు ఏల లోబడిరి? గోదావరిఖనిలో మొదటి షిఫ్టునకు ఎదురుగాలిలో సైకిలుపై పోయిన గనికార్మికునికి ఈ రహస్యము వేరుగా బోధింప నక్కరలేదు. ముందొక సైకిలున్నచో వెనుకవానికి గాలి బరువు తగ్గును. పందెములో ఈ అండ లేనివాడు ఎంత బలవంతుడైనను నిలువజాలడు. గుంపు వెలివేసినచో గాలి అంతయు అతనిదే. ఉద్యోగమా, ఒకటి రెండు సంవత్సరముల ఒడంబడిక. ఇంటివద్ద భార్యాబిడ్డలు. ఇట్టివానిని పిరికివాడనుట ఒడ్డున నున్నవారికి సులభము.

తోడివానిని పట్టియిచ్చుట మిత్రద్రోహమను వాదము మరియొకటి కలదు. ఈ వాదము బొగ్గుగనిలో ఒక్క దినము కూడ నిలువదు. పని మొదలిడుటకు మునుపు సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూచును. గట్టి కప్పు ఒక రీతిగా మ్రోగును, వదులైనది బోలుగా పలుకును. బోలు ధ్వని విని, ఆధారపు దిమ్మెలు నిలుపవలసినవానికి మాట వచ్చునని ఊరకుండువాడు మిత్రుడా? పందెములో కప్పు కూలు చప్పుడు వినబడదు గాని దాని క్రింద పడువాడు ఒకడున్నాడు. మందు ముట్టనందున పదియవ స్థానమునకు రావలసినవాడు ఏబదియవ స్థానమున మిగులును. మరుసటి యేడు జట్టు అతనిని పిలువదు. అతని పేరు ఏ నేరపట్టికలోను ఉండదు. కాయకము శుద్ధముగా నుండవలెనన్న బసవేశ్వరుని మాట ప్రకారము నడచినవాడే కూడు కోల్పోవుట ఇచ్చటి వైపరీత్యము.

అట్లని విన్నదెల్ల చాటుట ధర్మము కాదు. ఊహను సాక్ష్యముగా చెప్పుట పరనింద. చూచినది చెప్పుట వేరు. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో మర్దన పని చేసిన ఎమ్మా ఓ'రైలీ తాను చూచినది చెప్పెను. అది 2004లో పుస్తకమున వెలువడగా ఆమెపై వ్యాజ్యము పడెను. ఫ్లాయిడ్ లాండిస్ కథ ఇంత నిర్మలము కాదు. 2006 విజేతయై, పరీక్షలో పట్టుబడి, ఏండ్ల తరబడి బొంకి, 2010లో నిజము చెప్పెను. 2018లో పరిష్కారమైన వ్యాజ్యములో అతనికి పది లక్షల డాలర్లకు పైగా వాటా ముట్టెను. చెప్పినవానికి పుణ్యము తక్కువ కావచ్చును. చెప్పిన నిజము మాత్రము తరుగలేదు.

కావున చిన్నవాడు అరచి చెప్పలేదని నిందింపరాదు. అడిగినప్పుడు బొంకకున్న చాలును. గెలిచినవానికి ఈ మినహాయింపు లేదు. అతని మాటకు విలువ కలదు, అతని కూటికి లోటు లేదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేతయైన పుల్లెల గోపీచంద్ ఆరోగ్యమునకు మంచిది కాదని శీతల పానీయపు ప్రకటనను నిరాకరించినప్పుడు దేశమంతయు విన్నది. ఓడినవాడు అదే మాట చెప్పియుండినచో ఎవరు విందురు? 2004 ఏథెన్సు ఒలింపిక్సులో భారతదేశపు బరువెత్తు క్రీడాకారిణులిద్దరు మందుల పరీక్షలో పట్టుబడిరి. ఇట్టి చోట్ల శిక్ష ఆటగత్తెకు పడును. మందు ఏ చేతి మీదుగా వచ్చినదో చెప్పు గొంతు అరుదు. పోలీసు కొలువుల పరుగు పరీక్షకు తెల్లవారుజామున సాధన చేయు రామగుండము యువకుని చెవిలో ఎవడైన సూదిమందు మాట ఊదినచో, వాని పేరు బయటపెట్టు ధైర్యమును ఆ యువకునికి ఇయ్యవలసినవారు ముందు గెలిచిపోయినవారే.

2012లో అమెరికా మందుల నిరోధక సంస్థ తీర్పుతో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1999 మొదలు 2005 వరకు దక్కిన ఏడు విజయములును రద్దయినవి. 2013 జనవరిలో అతడు టెలివిజనులో తప్పొప్పుకొనెను. ఆ సంవత్సరాంతమున ఫ్రాన్సునకు పోయి బాసోన్స్‌ను కలిసి క్షమాపణ కోరెను. బాసోన్స్ 2001లోనే పందెముల వృత్తిని విడిచియుండెను.