భయపెట్టువాని పేరేమి?

ధ్యాన భాగము: మార్కు 5:1–20



ఈ మాసపు ధ్యానమునకు దయ్యాల సినిమాల ప్రసక్తి యేమిటని మీలో కొందరు ముక్కున వేలు వేసికొందురేమో. కొంచెము ఓర్పుతో చదువుడని మనవి.

ఇంగ్లండులో బి.బి.సి. టెలివిజన్ వారు 2010 అక్టోబరులో భయానక చిత్రముల చరిత్రను మూడు భాగముల డాక్యుమెంటరీగా ప్రసారము చేసిరి. నటుడును రచయితయునైన మార్క్ గేటిస్ దానిని నడిపించెను. మొదటి భాగము హాలీవుడ్డువారి పాత చిత్రములను గూర్చినది. రెండవది ఇంగ్లండులోని హామర్ కంపెనీని, దాని కాలపు ఇతర చిత్రములను గూర్చినది. మూడవది 1960లో వచ్చిన 'సైకో' మొదలుకొని అమెరికా చిత్రములను గూర్చినది. 1931 నాటి 'డ్రాకులా'లో మొదటి మాటలు పలికిన కార్లా లామ్లీ నూరేండ్ల వయస్సున అందులో కనబడి ఆనాటి సంగతులు చెప్పెను. అమెరికాలోను 2018లో ఈలై రాత్ అను దర్శకుడు ఇట్టి వరుస నొకదానిని తెచ్చెను. అది కాలక్రమమున గాక, రక్తపిశాచులు, దయ్యములు, నడచు శవములు అని విషయముల వారీగా సాగినది.

ఇట్టివి చూచినవారి అభిప్రాయములు ఎక్కడనైనను ఇంచుమించు ఒకే తీరుగా నుండును. మా కిష్టమైన చిత్రమును విడిచిపెట్టినాడని ఒకరందురు. ఇది నా సొంత అభిరుచిని బట్టి చెప్పు చరిత్రయని గేటిస్ ముందే చెప్పినను ఈ ఫిర్యాదు తప్పలేదు. ఐరోపా చిత్రములను గూర్చి ఆయన 2012లో వేరుగా మరియొక కార్యక్రమము చేసెను. ముక్కలు చూపుచు కథల ముగింపులు బయట పెట్టినారని మరికొందరు నొచ్చుకొందురు. చిన్ననాడు దుప్పటి చాటునుండి చూచి వణకిన రాత్రులు జ్ఞాపకము వచ్చినవని సంతోషించువారే ఎక్కువమంది.

విశ్వాసులు చెప్పు అభిప్రాయము వేరు. ఇట్టివి చూడనేల, చూపనేల? మాన్యమైనవి, పవిత్రమైనవి తలపోయుమని పౌలు ఫిలిప్పీయులకు వ్రాయలేదా (4:8)? ఈ మాటను మేము త్రోసివేయము. మనుష్య శరీరమును కసాయికొట్టు సరుకుగా చూపుటయే పనిగా పెట్టుకొన్న చిత్రములు ఆ చరిత్రలో లేకపోలేదు. చిన్నబిడ్డలున్న యింట వాటిని కట్టివేయుట తల్లిదండ్రుల ధర్మము. అంతటితో మాట ముగిసినదని తలంచువారితో మాత్రము మేము ఏకీభవింపలేము.

ఏలయనగా, చూచినవారు తరతరములుగా చెప్పుచున్న ఒక మాట మమ్మును ఆలోచింపజేసినది. 1931లో జేమ్స్ వేల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రములోని వికృత రూపిని చూచి భయపడ వచ్చినవారు జాలిపడి వెళ్లిరి. శవముల అవయవములను కూర్చి ఒక శాస్త్రజ్ఞుడు వానిని చేసి, తన చేతిపని తానే చూడలేక విడిచిపెట్టును. చీకటిగదిలో గొలుసులతో కట్టబడి, కాగడాతో బెదరింపబడి, పైకప్పు తెరచినప్పుడు మీదపడిన వెలుగును పట్టుకొనుటకు వాడు చేతులు చాచును. ఆ వేషము వేసిన బోరిస్ కార్లాఫ్ ఒక్క మాటయు పలుకకయే ఇంతయు చూపెను. కడపట గ్రామస్థులందరు కాగడాలు పట్టుకొని, వాడున్న గాలిమరను తగులబెట్టుదురు.

ఆ ప్రాణికి పేరు లేదు. చిత్రము మొదట నటుల పట్టికలో కార్లాఫ్ పేరుండవలసిన చోట ప్రశ్నార్థకమే వేసిరి. లోకులు వానిని ఫ్రాంకెన్‌స్టైన్ అందురు గాని అది వానిని చేసి వదలివేసినవాని పేరు. వాని పేరేమని కథలో ఒక్కరును అడుగలేదు.

ఇప్పుడు మార్కు సువార్త తెరచి చూడుడు. గెరాసేనుల దేశమున సమాధులలో నివసించువాడొకడు. రాత్రింబగళ్లు కేకలు వేయుచు, రాళ్లతో తన్ను తానే గాయపరచుకొనుచుండెను. ఊరివారికి తెలిసిన మందు ఒక్కటే: సంకెళ్లు. వాటిని వాడు త్రెంపివేసినకొలది మరల బిగించుచుండిరి. ప్రభువు పడవ దిగి వానియొద్ద నిలిచి, నీ పేరేమని అడిగెను. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు దయ్యముల జవాబే. తన పేరు సేన యని చెప్పెను. అయినను ఎంతకాలమునకో వానిని ఒకరు పేరడిగిరి.

తరువాతి సంగతి విచిత్రమైనది. వాడు బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై కూర్చుండుట చూచి ఊరివారు భయపడిరి (5:15). కేకలు వేయునప్పటి భయము వారికి అలవాటైనది. దానికి గొలుసులున్నవి, చోటున్నది, అది ఊరికి దూరముగా నున్నది. నెమ్మదిగా కూర్చున్న మనుష్యుని ఎక్కడ పెట్టుకొందురు? ఇంచుమించు రెండువేల పందులు పోయిన నష్టము సరేసరి. తమ ప్రాంతము విడిచిపొమ్మని ప్రభువునే బతిమాలుకొనిరి.

గేటిస్ చూపిన రెండవ భాగములో హామర్ వారి 1958 నాటి 'డ్రాకులా' కలదు. అందులో పీటర్ కుషింగ్ రెండు దీపస్తంభములను సిలువగా పట్టి రక్తపిశాచిని వెలుగులోనికి నెట్టును. చివరకు సిలువయే గెలిచినదిగదా యని మనవారు సంతోషింతురు. కాని సిలువను ఆయుధముగా చేతబట్టుట వేరు, సిలువ వేయబడినవానిని ఎరుగుట వేరు. ఎఫెసులో స్కెవ కుమారులు ఏడుగురు యేసు నామమును మంత్రమువలె వాడి, దెబ్బలు తిని, దిగంబరులై పారిపోయిరి (అపొ. కార్య. 19).

ఆ భాగములోనే 1968 నాటి 'విచ్‌ఫైండర్ జనరల్' అను చిత్రమును గూర్చి గేటిస్ చెప్పెను. అందులో దయ్యము లేదు, పిశాచి లేదు. ఉన్నది మాథ్యూ హాప్కిన్స్ అను మనుష్యుడు. అతడు కల్పిత పాత్ర కాడు. 1640ల అంతర్యుద్ధ కాలమున ఇంగ్లండు తూర్పు మండలములలో మంత్రగత్తెలను పట్టుదునని ఊరూర తిరిగి, కూలి పుచ్చుకొన్నవాడు. అనుమానితులను రాత్రుల తరబడి నిద్రపోనీయడు, సూదులతో గ్రుచ్చించును, కట్టి నీటిలో వేయించును. నూటికి పైగా మనుష్యులు ఉరితీయబడిరి. 1645లో ఉరికంబమెక్కినవారిలో జాన్ లోస్ అను ఎనుబదియేండ్ల పాదిరియు ఉండెను. ఇదంతయు పరిశుద్ధ గ్రంథమును నమ్మిన దేశమున, పొరుగువారి సాక్ష్యముతో జరిగినది. ఆ చరిత్ర మొత్తములో మమ్మును వణకించినది ఇదియే. వేషము వేసిన పిశాచి దీపము వెలిగించగానే పోవును గాని, పొరుగింటి ముసలిదానిపై ఊరు పెంచుకొన్న అనుమానము పట్టపగలును పోదు.

ఇది పరదేశపు పాతకథ యని పుట త్రిప్పివేయకుడి. మన తెలుగు గ్రామములలో చేతబడి చేసినదనియు, బాణామతి చేసినాడనియు అనుమానించి మనుష్యులను కొట్టుటయు, చంపుటయు ఈ శతాబ్దములోను జరిగినవి. బిడ్డకు జ్వరము తగ్గలేదు, గేదె పాలియ్యలేదు. వెంటనే ఒక విధవరాలి గుమ్మము వైపు చూపులు తిరుగును. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అగ్ని పుట్టగా, గొలుసులతో కట్టబడియున్న మానసిక రోగులు కదలలేక 28 మంది చనిపోయిరి. స్వస్థత దొరకునని వారి యింటివారే అక్కడికి తెచ్చి విడిచిరి. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను ఏ రీతిగానైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. చట్టముకంటె ముందుగా మార్కు అయిదవ అధ్యాయము మన చేతిలో నున్నది గనుక ఒకమాట అడుగుదుము: ప్రార్థన పేరట మూర్ఛరోగిని జుట్టుపట్టి ఈడ్చినప్పుడు, మతి చలించిన ఆడబిడ్డను దయ్యము పోవునని చెంపదెబ్బలు కొట్టినప్పుడు, ఆ కూటములో మనము 'ఆమేన్' అనలేదా? ఆ బిడ్డ పేరేమో ఎవరికైన తెలిసినదా? మందులిచ్చు వైద్యుని యొద్దకు ఆమెను తీసికొనిపోవుట విశ్వాసలోప మని ఎవరు చెప్పిరి?

దయ్యాల సినిమాకు పోయిన యౌవనస్థుని సంఘపెద్దల ముందు నిలువబెట్టుట సులువు. ఆ పెద్దలలో ఒకరు, పేటలో 'మంత్రగత్తె' యని పేరుబడిన అవ్వ గుమ్మమెక్కి, ఆమె చేతి మంచినీళ్లు పదిమంది చూచుచుండగా త్రాగుట కష్టము. అది చేసినచో ఆ పేటలో ఎంత భయము తొలగునో యోచించుడి.

బాగుపడినవాడు ప్రభువు వెంట వచ్చెదనని బతిమాలెను. పడవలో ఆయన ప్రక్కను కూర్చుండుట వానికి క్షేమము. అక్కడ వానిని చూచి జడియువారు లేరు. ప్రభువు ఒప్పుకొనలేదు. నీ యింటికి, నీవారి యొద్దకు పొమ్మనెను. సంకెళ్లు వేసినవారి యొద్దకే పోవలెను. దెకపొలిలో వాడు ప్రకటింప నారంభించెననియు, అందరు ఆశ్చర్యపడిరనియు మార్కు వ్రాసెను. ఆ మొదటి రాత్రి వాడు తలుపు తట్టినప్పుడు ఇంటివారు తీసిరో లేదో వ్రాయలేదు.