పేరు ఎవరి కోసం

అమెరికాలో కాలేజీ అమ్మాయిల సంఘాలను సొరోరిటీలంటారు. గ్రీకు అక్షరాల పేర్లు, చేరేటప్పుడు ప్రమాణాలు, కాలేజీ వదిలాక కూడా వదలని సభ్యత్వం. 1870లో ఇండియానాలో కప్పా ఆల్ఫా తీటా, ఇల్లినాయ్‌లో కప్పా కప్పా గామా పుట్టాయి. తెల్లవాళ్ల సంఘాలు తలుపులు మూసుకున్న రోజుల్లో, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫాను, 1913లో డెల్టా సిగ్మా తీటాను నిలబెట్టారు. 1998లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అమ్మాయిలు డెల్టా ఫై ఒమేగా పెట్టుకున్నారు. ఆ తరహా సంఘాల్లో మన తెలుగిళ్ల పిల్లలూ ఉంటారు. నేనూ అలా ఒకదాంట్లో చేరినదాన్నే. నాతోపాటు చేరిన స్నేహితురాలు చనిపోయింది. ఆమె తల్లిదండ్రులూ మేమూ కలిసి ఆమె పేరిట ఒక స్కాలర్‌షిప్ పెట్టాలనుకున్నాం. నియమాలు రాసే పని నాకు వచ్చింది. ప్రభుత్వ కళాశాలలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మా పిన్ని అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆ కాగితం చుట్టూ మా ఇద్దరికీ నడిచిన మాటలివి.

పిన్ని: చదివాను. మొదటి పేరా నిండా ఆ పిల్ల పేరే. డబ్బు అందుకోబోయే పిల్ల మాట చివరికిగాని రాలేదు. ఒకటి అడుగుతాను చెప్పు. ఇచ్చేటప్పుడు పేరెందుకు?

నేను: పేరు తీసేస్తే అది ఫీజు రాయితీ అవుతుంది పిన్నీ.

పిన్ని: అయితే తప్పేముంది? ఫీజు కట్టలేని పిల్లకి కావలసింది రాయితీయే కదా. పన్నెండో శతాబ్దంలో మైమనిడీస్ అనే యూదు తత్వవేత్త దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ఎవరిచ్చారో పుచ్చుకున్నవాడికి తెలియకుండా, ఎవరు పుచ్చుకున్నారో ఇచ్చినవాడికి తెలియకుండా జరిగేది పైనుంచి రెండోది. మన గుప్తదానం కూడా దాని దగ్గరిదే. మీ కాగితంలో అంతా బహిరంగం. పైగా డబ్బు అందుకున్న పిల్ల ఏటా మీ స్నేహితురాలి తల్లిదండ్రులకి కృతజ్ఞతగా ఉత్తరం రాయాలని నియమం కూడా పెట్టారు.

నేను: మరి అన్నిటికన్నా పై మెట్టేమిటి?

పిన్ని: అవతలివాడికి మళ్లీ చెయ్యి చాచే అవసరం రాకుండా చేయడం. పని చూపించడం, పొత్తు కలుపుకోవడం, అప్పివ్వడం.

నేను: అప్పు కూడానా! అయితే ఇక్కడి ఆడవాళ్లు ఆ మెట్టుమీదే మొదలయ్యారు. 1869లో అయోవాలో ఏడుగురు విద్యార్థినులు పెట్టుకున్న పి.ఇ.ఓ. సిస్టర్‌హుడ్, 1907లో ఆడవాళ్ల చదువుకి అప్పులిచ్చే నిధి తెరిచింది. ఒకామె తీర్చిన డబ్బు ఇంకొకామె చదువుకి వెళ్తుంది. కప్పా కప్పా గామా వాళ్ల విద్యార్థి సహాయ నిధి అంతకన్నా ముందు, 1902 నాటిది. ఈ దేశంలో ఆడవాళ్లందరికీ ఓటు కూడా లేని కాలం అది.

పిన్ని: చాలా పెద్ద పని చేశారు. తీర్చేశాక ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ సమానం. ఎవరూ తల వంచుకోనక్కర్లేదు. అదే చేయకూడదూ మీరు?

నేను: ఇవాళ ఇక్కడి పిల్లల బాధే అప్పు. పట్టా చేతికొచ్చేనాటికి నెత్తిమీద అప్పు కూడా ఉంటుంది. దానికి మేమింకొకటి చేర్చాలా?

పిన్ని: వద్దు. కాలాన్ని బట్టి మెట్లు మారతాయని ఒప్పుకుంటాను. పేరు సంగతి చెప్పు.

నేను: రోజ్ మెగిల్ అని, టొరంటోలో కప్పా కప్పా గామా సభ్యురాలు. క్షయ సోకింది, చేతిలో డబ్బు లేదు, చూసుకునేవాళ్లు లేరు. తోటి సభ్యులు ఆమె కోసం పోగుచేసిన డబ్బుతో 1922లో ఒక నిధి ఏర్పడింది. కష్టంలో పడ్డ సభ్యులకి ఇప్పటికీ సాయం అందేది ఆ నిధి నుంచే. దాని పేరు రోజ్ మెగిల్ నిధి.

పిన్ని: ఇచ్చినవాళ్ల పేరు పెట్టుకోలేదా?

నేను: లేదు. పుచ్చుకున్నామె పేరే పెట్టారు.

పిన్ని: ఇలాంటిది నేను వినలేదు. ఎక్కడ చూసినా ఇచ్చినవాళ్ల పేరే ఉంటుంది. పుచ్చుకున్నవాళ్ల పేరు ఏ రిజిస్టరులోనో ఉండిపోతుంది. ఆ నిధికి దరఖాస్తు పెట్టే పిల్ల, తనకన్నా ముందు తనలాగే అడగాల్సి వచ్చిన ఒకామె ఉందని ఆ పేరు చదవగానే తెలుసుకుంటుంది. సాయం అడిగేవాళ్లకి ఉండే సిగ్గును ఇంతకన్నా మర్యాదగా ఎవరూ తీయలేరు. కానీ ఇంకో మాట కూడా అనుకోవాలి. ఒక మనిషి జబ్బూ లేమీ వందేళ్లపాటు అందరికీ తెలుస్తూనే ఉన్నాయి కదా. పోయినవాళ్లు కాదనలేరని మనం వాళ్ల పేరు వాడుకుంటున్నామేమో.

నేను: ఆ భయం నాకూ ఉంది. అందుకే బతికున్నవాళ్ల గౌరవార్థం పెట్టేవి చూస్తే మనసు తేలికపడుతుంది. ఆల్ఫా కప్పా ఆల్ఫాలో సభ్యత్వానికి యాభై ఏళ్లు నిండినామెను గోల్డెన్ సొరోర్ అంటారు. 1980లో వాళ్లు పెట్టుకున్న ఎడ్యుకేషనల్ అడ్వాన్స్‌మెంట్ ఫౌండేషన్‌లో కుటుంబాలు, స్థానిక శాఖలైన చాప్టర్లు అలాంటి తమవాళ్ల పేరిట ఎండోమెంట్, అంటే శాశ్వత నిధి, పెట్టవచ్చు. అమ్మ బతికుండగానే పిల్లలు ఆమె పేరిట పెడితే, ఆమె ఆ సభకి వచ్చి కూచోవచ్చు, తీసుకున్న పిల్లతో మాట్లాడవచ్చు. వద్దనే హక్కు కూడా ఆమెకి ఉంటుంది.

పిన్ని: హక్కు ఉంటుంది, నిజమే. కానీ బతికున్నామెకి ఇచ్చిన గౌరవంలో ఆమె సంతోషం మనకి తిరిగొస్తుంది. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ 1847లో ప్రేమ గురించి రాసిన పుస్తకంలో, పోయినవాళ్లని తలుచుకోవడం మీద ఒక అధ్యాయం ఉంది. అంతకన్నా నిస్వార్థమైన ప్రేమ లేదంటాడు. పోయినవాళ్లు మెచ్చుకోరు, బదులివ్వరు. మనం మరిచిపోయినా నిష్ఠూరమాడరు. మనం నిజంగా ఏపాటి ప్రేమించామో అక్కడే తెలుస్తుందట.

నేను: కీర్కెగార్డ్ మా స్నేహితురాలి అమ్మగారితో ఒకసారి మాట్లాడి ఉంటే బాగుండేది. ఆమెకి బదులు కావాలి పిన్నీ. కాగితం చివర ఆవిడ స్వయంగా రాసి ఇచ్చిన అర్హతలు చూశావా? దక్షిణాసియా అమ్మాయి కావాలి, మా జిల్లా హైస్కూల్లో చదివుండాలి, జీవరసాయనం చదువుతుండాలి, నాట్యం వచ్చుండాలి.

పిన్ని: చూశాను. ఆవిడకి కూతురు మళ్లీ కావాలి.

నేను: అవును. దాన్ని ఏ చేత్తో కొట్టెయ్యను?

పిన్ని: కొట్టెయ్యమనను. ఇరవై ఏళ్ల తరవాత ఏమవుతుందో ఆవిడ పక్కన కూచుని మెల్లగా చెప్పు. ఆ నాలుగూ కలిసిన పిల్ల ఏటా దొరుకుతుందా?

నేను: దొరకదు. ఇలాంటి నిధులతో ఫౌండేషన్లు పడే పాటు ఇదే. ఉదాహరణకి అసలు పాతిక వేల డాలర్లు అనుకో. అసలు ముట్టకుండా ఏటా నాలుగు శాతం తీస్తే వెయ్యి డాలర్లు. అర్హత ఇరుకైనదైతే ఆ వెయ్యీ తీసుకునేవాళ్లు లేక మిగిలిపోతుంది. పక్కనే వేరే పిల్ల ఫీజు కట్టలేక సెమిస్టర్ మానుకుంటుంది. చట్టం కూడా దీన్ని ఊహించింది. 2006లో తయారైన నమూనా చట్టాన్ని దాదాపు అన్ని రాష్ట్రాలూ తీసుకున్నాయి. దాని ప్రకారం పాతిక వేల డాలర్ల లోపు నిధి, ఇరవై ఏళ్లు దాటినదైతే, పెట్టిన షరతు ఇక నడవదనుకున్నప్పుడు సంస్థ అటార్నీ జనరల్‌కి తెలియజేసి, నిర్ణీత గడువు దాకా ఆగి, షరతు మార్చుకోవచ్చు. దాత ఉద్దేశానికి దగ్గరగా ఉండాలి, అంతే. పెద్ద నిధులైతే కోర్టుకి వెళ్లాలి.

పిన్ని: అంటే ఆవిడ దుఃఖానికి చట్టం ఇరవై ఏళ్లు గడువిచ్చింది. తక్కువేమీ కాదు. అయితే డబ్బు అందుకునే పిల్లని ఆవిడే ఎంచుకోకూడదా?

నేను: ఫలానా పిల్లకి ఇవ్వండని పేరు చెప్పి ఇస్తే అది దానంగా లెక్కకి రాదు, పన్ను మినహాయింపు ఉండదు. సొరోరిటీకి ఇచ్చినా అంతే, అది సభ్యుల క్లబ్బు కిందికి వస్తుంది. అందుకే చదువుల కోసం విడిగా ఫౌండేషన్ పెడతారు. ఎంపిక చేసేది కమిటీ. దాతలు సలహా చెప్పవచ్చు, పగ్గం వాళ్ల చేతిలో ఉండకూడదు.

పిన్ని: ఆ నియమం పన్ను కోసం పుట్టినా, మనసుకీ మంచిదే. తన కూతురి డబ్బు తను ఎన్నడూ చూడని పిల్లకి, తన కూతురిలా లేని పిల్లకి చేరనివ్వడం ఆ తల్లికి చాలా కష్టం. కానీ అలా చేరితేనే ఇచ్చినట్టు. తనలాంటిదానికే ఇస్తే తన దగ్గరే ఉంచుకున్నట్టు.

నేను: అయితే పేరు కూడా తీసెయ్యమంటావా, మొదట అన్నట్టు?

పిన్ని: రోజ్ మెగిల్ తరవాత ఆ మాట అనలేను. కానీ పేరు ఎంతకాలం ఉంటుంది?

నేను: సేడీ ఆలెగ్జాండర్ పేరు విన్నావా? 1919లో డెల్టా సిగ్మా తీటాకి మొదటి జాతీయ అధ్యక్షురాలు. 1921లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. అమెరికాలో ఆ శాస్త్రంలో ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ. తరవాత న్యాయశాస్త్రం కూడా చదివి వకీలైంది. డాక్టరేట్ చదువు సాగింది ఒక ఫెలోషిప్ మీద. దాని పేరు ఫ్రాన్సిస్ సార్జెంట్ పెప్పర్ ఫెలోషిప్.

పిన్ని: ఆ పెప్పర్ పేరు ఇవాళ సేడీ జీవిత కథలో ఒక వాక్యంలో వస్తుంది.

నేను: అదే నేననేది. ఎవరో ఒకరి పేరు నిలబెడదామని ఆ ఫెలోషిప్ పెట్టి ఉంటారు. నిలబడింది సేడీ పేరు. ఆ పేరు చేయాల్సిన పని చేసేసి పక్కకి తప్పుకుంది. మా స్నేహితురాలి పేరు కూడా అలా ఇంకొకామె కథలో ఒక వాక్యమైతే నాకు చాలనిపిస్తుంది. వాళ్లమ్మగారికి చాలుతుందో లేదో.

పిన్ని: ఇవాళ చాలదు, చాలాలని అడగనూ కూడదు. ఇక నాకు పడని సంగతి చెప్తాను, కోప్పడకు. ఈ స్కాలర్‌షిప్ మీ సంఘం సభ్యులకే అని కాగితంలో రాశారు. సొరోరిటీలో చేరాలంటేనే ఫీజులు కట్టాలి కదా. కట్టగలిగినవాళ్లు పోగై, కట్టగలిగినవాళ్ల పిల్లలకే ఇచ్చుకుంటే అది ఇంటి సొమ్ము ఇంట్లో తిరగడం.

నేను: కోపం ఎందుకు, అంతకన్నా ఘోరాలే ఉన్నాయి. అలబామా విశ్వవిద్యాలయంలో తెల్లవాళ్ల సొరోరిటీలు 2013 దాకా నల్లజాతి అమ్మాయిలకు దాదాపుగా తలుపు తీయలేదు. నల్లజాతి అమ్మాయిని చేర్చుకుందామని లోపలి పిల్లలే అన్నా పూర్వ సభ్యులు అడ్డుపడ్డారని అక్కడి విద్యార్థి పత్రిక క్రిమ్సన్ వైట్ బయటపెట్టింది. సంఘానికి డబ్బిచ్చి నిలబెట్టేదీ పూర్వ సభ్యులే పిన్నీ. ప్రేమతో ఇచ్చిన డబ్బుకి కంచె కూడా కట్టే బలం ఉంది. అది మరిచిపోయి నియమాలు రాయకూడదు.

పిన్ని: మరి కంచె లేకుండా చేసినవాళ్లు?

నేను: ఉన్నారు. పై బీటా ఫై వాళ్లు తమ సంఘం పెట్టిన పన్నెండు మంది స్మారకంగా 1912లో టెన్నెసీ కొండల్లో, గాట్లిన్‌బర్గ్‌లో బడి తెరిచారు. చదివింది కొండ పల్లెల పిల్లలు. ఆ పిల్లలకీ సంఘానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇవాళ అక్కడ ఆరోమాంట్ అనే హస్తకళల పాఠశాల నడుస్తోంది. ఇక నల్లజాతి సొరోరిటీల ఊరి చాప్టర్లు ఏటా హైస్కూలు దాటే అమ్మాయిలకి స్కాలర్‌షిప్‌లిస్తాయి. అందులో సభ్యత్వం ప్రసక్తే ఉండదు, ఆ పిల్లలింకా కాలేజీ గడప తొక్కనేలేదు. వాళ్ల పెద్దలు తలుపులు మూసుకుంటే ఎలా ఉంటుందో చూసినవాళ్లు. నాకు ఆదర్శం వాళ్లే.

పిన్ని: అయితే ఆ నియమం మార్చు.

నేను: సభ్యులకే అన్నది తీసేస్తాను. దక్షిణాసియా అన్నదీ తీసేస్తాను. దీనికి మావాళ్లలో కొందరు ఒప్పుకోరు. మా సంఘం పుట్టిందే మాకు చోటు లేదని కదా, మా పిల్లలకి మేం కాక ఎవరిస్తారు అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

పిన్ని: చోటు లేనప్పుడు పెట్టుకున్న చోటు అది. మీరిప్పుడు ఇచ్చే స్థితికి వచ్చారు. ఇచ్చేచోట కూడా అదే లెక్క చెల్లుతుందా అని వాళ్లనడుగు. తేల్చుకోవలసింది మీరే. నేను నాలుగు నెలలుండి వెళ్లేదాన్ని.

నేను: జీవరసాయనం ఉంచుతాను. వీలున్నంతవరకు ప్రాధాన్యం అని రాస్తాను. దొరక్కపోతే ఏ సైన్స్ అయినా సరే. మా జిల్లా అన్నది రాష్ట్రం చేస్తాను. నాట్యం?

పిన్ని: నాట్యం అర్హతగా వద్దు. దరఖాస్తులో ఒక ప్రశ్నగా పెట్టు: చదువు కాక నీకు ప్రాణమైనదేమిటి అని. ఆ జవాబులు ఆ తల్లి చదువుకోవచ్చు. ఎవరికివ్వాలో తేల్చకపోయినా, చదవడానికి అడ్డులేదుగా?

నేను: పేర్లు తీసేసి ఇస్తే అడ్డులేదు. ఆవిడ తప్పకుండా చదువుతుంది.

పిన్ని: మరి ఆ కృతజ్ఞత ఉత్తరం?

నేను: దాని మీదే ఆగిపోయాను. తీసేస్తే అమ్మగారికి ఏమీ రాదు. ఉంచితే, ప్రతి పిల్లా ఒక చనిపోయిన అమ్మాయికి రుణపడ్డానని ఏటా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ అప్పు ఎవరికీ తీర్చగలిగేది కాదు కూడా.

పిన్ని: తీర్చలేని అప్పయితే ముందుకి పంపించెయ్యమను. ఈ ఏడు తీసుకున్న పిల్ల వచ్చే ఏడు తీసుకోబోయే పిల్లకి రాయాలి. కాలేజీలో ఏది కష్టమైంది, ఎవరినడిగితే పని జరిగింది, డబ్బు దేనికి ఖర్చయింది. ఆ ఉత్తరాల నకళ్లు తల్లిదండ్రులకి వెళ్తాయి.

నేను: మొదటి ఏడు తీసుకున్న పిల్లకి ఎవరు రాస్తారు?

పిన్ని: ఆవిడే రాస్తుంది, వాళ్లమ్మ. కూతురి గురించి ఎంత కావాలంటే అంత. ఒక్కసారే.

నేను: ఇవాళ రాత్రి ఫోన్ చేసి అడుగుతాను. ఆవిడ ఒప్పుకుంటేనే కాగితంలో పెడతాను.