పేరుకు ముందు రాసే కులం

2023 నవంబర్‌లో ఓటేయడానికి హైదరాబాద్ నుంచి జనగామ వెళ్లాను. పేపర్లో ఒక అభ్యర్థి గురించి చదివి వినిపిస్తుంటే బాపు మధ్యలో ఆపి, “ఆయన ఏమోళ్లు రా?” అన్నాడు. పేపర్లో రాయలేదన్నాను. “రాయలేదంటే తెలుస్తలేదా మరి!” అని నవ్వాడు.

ఆ నవ్వు అర్థం కావడానికి నాకు టైం పట్టింది. మేం రాసే ప్రోగ్రాముల్లో ఒక గడి నింపకపోతే అది ఖాళీగా ఉండదు. ముందే పెట్టిన డిఫాల్ట్ విలువ వచ్చి కూర్చుంటుంది. మన రాజకీయ వార్తల్లో “నేత” అనే మాటకు ఆ డిఫాల్ట్ ఆధిపత్య కులం. మిగతావాళ్లకే విశేషణం కావాలి: బీసీ నేత, దళిత నేత, గిరిజన నేత.

జనగామ నుంచి నాలుగుసార్లు గెలిచి, మంత్రిగా చేసి, 2014లో తెలంగాణ పీసీసీకి తొలి అధ్యక్షుడైన పొన్నాల లక్ష్మయ్య 2023 అక్టోబర్‌లో కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. ఇంత చరిత్ర ఉన్నా వార్తల్లో ఆయన “బీసీ నేత”. తర్వాత అక్కడ ప్రధాన పోటీ పల్లా రాజేశ్వర్ రెడ్డికీ కొమ్మూరి ప్రతాప్ రెడ్డికీ మధ్య. వాళ్లను “రెడ్డి నేత” అన్న వార్త నా కంట పడలేదు.

మరి అందరికీ తీసేస్తే? అనవసరంగా కులం ప్రస్తావించొద్దని ప్రెస్ కౌన్సిల్ కూడా అంటుంది. కానీ పార్టీలో బీసీలకు అన్యాయం జరుగుతోందన్నది పొన్నాల సొంత ఆరోపణ. కులం తీసేస్తే ఆ రాజీనామాలో వార్తే మిగలదు. పైగా తీసేసినా మనకు తెలిసిపోతుంది. భూపాలపల్లిలో అదే ఎన్నికలో గండ్ర వెంకటరమణా రెడ్డి మీద గండ్ర సత్యనారాయణ రావు గెలిచారు. ఇంటిపేరు ఒకటే, చివరి తోక చూసి మనం మిగతాది పూరించుకుంటాం.

మహబూబాబాద్‌ది ఇంకో చిక్కు. అది ఎస్టీ రిజర్వుడు స్థానం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మూడు ప్రధాన పార్టీల అభ్యర్థులు బలరాం నాయక్, మాలోత్ కవిత, సీతారాం నాయక్. ముగ్గురూ లంబాడాలే. “గిరిజన అభ్యర్థులు” అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ ముగ్గురిలో కోయవాళ్లు లేరన్న సంగతి ఆ ఒక్క మాట కింద కనబడకుండా పోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నా పేరు చివరి తోక తీసేశాను. పెద్ద పనే చేశాననుకున్నా. బాపు మాత్రం, “నీకు అల్కనే. నువ్వు పెట్టుకున్నది నువ్వు తీసేసినవ్. పక్కోనికి ఊరు పెట్టింది, వాడెట్ల తీస్తడు?” అన్నాడు. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అందుకే నాకు తోచింది ఇది. టికెట్లు ఎవరికెన్ని దక్కాయో రాసేటప్పుడు అందరి కులమూ రాయాలి, రెడ్లదీ వెలమలదీ కలిపి. మనిషి పనితీరు గురించి రాసేటప్పుడు ఎవరిదీ వద్దు. దీంతో కులగోల పెరుగుతుందనేవాళ్లు ఉంటారు. ఆ గోల ఇప్పుడూ ఉంది, కాకపోతే సగం మంది పేర్ల మీదే.