కాపలాలో దొరికిన రక్షణ

బలవంతాన వచ్చిన మార్పును దేవుడు లెక్కలోకి తీసుకుంటాడా? స్టూవర్టుపురం చరిత్ర చదివినవాళ్లను ఈ ప్రశ్న వదిలిపెట్టదు.

ఎరుకలవాళ్లు ఎడ్లమీద, గాడిదలమీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్ముకునేవాళ్లు. రైళ్లొచ్చాక ఆ బేరం దెబ్బతింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఇక ఎరుకలవాళ్లకు పుట్టుకే నేరం. వాళ్ల కోసం బాపట్ల, చీరాల మధ్య వెలసిన స్టూవర్టుపురం సెటిల్మెంటును సర్కారు క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టింది. బడి ఉంది, ప్రార్థన ఉంది, సాగుకు భూమీ ఉంది. హాజరు పిలుపూ ఉంది: పేరు పిలిస్తే పలకాలి, చీటీ లేనిదే పొలిమేర దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలూ ఇక్కణ్నుంచే వెళ్లారు.

సేవకుల చిత్తశుద్ధిని శంకించలేం. ఆ సంస్థను మన దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఐసీఎస్ కొలువు వదులుకుని, ఫకీర్ సింగ్‌గా పేరు మార్చుకున్న మనిషి. కానీ వెళ్లిపోయే హక్కు లేనివాడు మోకరిల్లితే అది భక్తో భయమో ఏ పాస్టరు చెప్పగలడు?

చట్టం 1952లో రద్దయింది. మచ్చ మాత్రం పోలేదు. 1970ల్లో కవి జాషువా కూతురు, నాస్తికురాలు హేమలతా లవణం ఆ ఊరికి వెళ్లి, నేరం మానదలచినవాళ్లతో కలిసి పనిచేశారు. ఆమె చేతిలో హాజరుపట్టీ లేదు.