వేదిక ఎవరిది, పాట ఎవరిది?

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1994లో ఆ రోజును ప్రకటించింది. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు కూడా ఆ రోజున డప్పు మోగించాలి, పిల్లల చేత ఆడించాలి, పాడించాలి, పెద్దలకు శాలువా కప్పాలి అని సంఘాల వాళ్ళూ టీచర్లూ అనుకోవడం ఇప్పుడు మామూలైంది. మంచిదే. కానీ మైకు సెట్టు గురించి, భోజనాల గురించి మాట్లాడుకున్నంతగా ఒక ప్రశ్న గురించి మనం మాట్లాడుకోవడం లేదు. మన బతుకును వేదిక ఎక్కించడం మనకు గౌరవమా, లేక మరోసారి నలుగురికీ వింతగా కనపడటమా? ఈ ప్రశ్నను మనకన్నా చాలా ముందు, చాలా గట్టిగా ఎదుర్కొన్న వాళ్ళు అమెరికాలోని నల్లజాతివాళ్ళు. వాళ్ళ అనుభవాన్ని మన అనుభవం పక్కన పెట్టుకుని ఆలోచిద్దాం.

వాళ్ళ కష్టమూ మన కష్టమూ ఒకటేనని మేము అనడం లేదు. వాళ్ళను ఓడల్లో కుక్కి, సముద్రం దాటించి, సంతలో అమ్మారు. మనం మాత్రం పుట్టిన నేల మీదే ఉండి, ఆ నేల మీద హక్కు లేనివాళ్ళమయ్యాం. ఒకరి బాధను ఇంకొకరి బాధతో కొలవకూడదు. అయితే ఆ దారిన నడిచిన వాళ్ళను దారి అడగటం తప్పు కాదు. జోతిరావు పూలే 1873లో రాసిన 'గులాంగిరి'ని బానిసత్వం తొలగించడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డ్యుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. ఇలా అడగటం మనతో మొదలైంది కాదు.

ముందు వేదిక చేసే చెడ్డ పనిని చూద్దాం. 1830ల నుంచి అమెరికాలో ఒక రకం ఆటలు బాగా నడిచాయి. తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని, నల్లవాళ్ళలాగా అని చెప్పి వంకరగా నడిచి, వచ్చీరాని మాటలు మాట్లాడి జనాన్ని నవ్వించేవాళ్ళు. థామస్ రైస్ అనే నటుడు కట్టిన అలాంటి వేషం పేరు జిమ్ క్రో. తర్వాతి రోజుల్లో నల్లవాళ్ళను బడిలో, రైల్లో, హోటల్లో వేరుగా ఉంచిన చట్టాలకు కూడా జిమ్ క్రో చట్టాలనే పేరు స్థిరపడింది. వేషమే చట్టాన్ని తెచ్చిందని కాదు. కానీ ఒక మనిషిని చూసి నవ్వడం అలవాటైన వాళ్ళకు, రేపు ఆ మనిషిని పక్కకు నెట్టినా తప్పుగా అనిపించదు.

ఇది దూరదేశం కథ అనుకోవద్దు. మన వైపు బడుల్లో వార్షికోత్సవం అనగానే 'కోయ డ్యాన్స్' అని ఒకటి పెడతారు. పిల్లల మొహాలకు మసి, నడుముకు వేపమండలు, తలకు ఈకలు, చేతిలో కర్ర బల్లెం, అర్థం లేని అరుపులు. సినిమాల్లోంచి దిగిన వేషం అది. ఏ కోయగూడెంలోనూ లేదు, ఏ యానాది కాలనీలోనూ లేదు. మాకు తెలిసిన ఒక బడిలో ఏడో తరగతి చదివే మన పిల్లను ఆ ఆటకు ఎంచుకున్నారు. 'నువ్వైతే సరిగ్గా సరిపోతావు' అన్నారట. ఆ పిల్ల మసి పూసుకోనని ఇంటికి వచ్చేసింది. మూడు రోజులు బడికి పోలేదు. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అందరూ సరదాగానే ఉన్నారు. అందుకే ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

ఇప్పుడు వేదిక చేసిన మంచి పని. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన వాళ్ళ కోసం 1866లో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఫిస్క్ అనే బడి పెట్టారు. ఐదేళ్ళకే డబ్బు లేక మూతపడే స్థితి వచ్చింది. 1871 అక్టోబరు 6న తొమ్మిదిమంది విద్యార్థులు పాటలు పాడి చందాలు తేవడానికి బయలుదేరారు. జూబిలీ గాయకులని వాళ్ళకు పేరు. తమ తల్లిదండ్రులు బానిసలుగా ఉన్నప్పుడు పాడుకున్న పాటలు వాళ్ళకు వచ్చు. కానీ వాటిని పరాయివాళ్ళ ముందు పాడటానికి మొదట్లో మనసొప్పలేదు. అవి ఇంట్లోవాళ్ళకు పవిత్రమైనవి, పైగా బానిసతనాన్ని గుర్తుచేసేవి. సంగీతం నేర్పే మాస్టారు ఎంత అడిగినా, తలుపులు మూసుకుని తమలో తాము పాడుకునేవాళ్ళు. తర్వాత మెల్లగా ఆ పాటలను బయటికి తెచ్చారు. మసి లేదు, కుప్పిగంతులు లేవు. శుభ్రమైన బట్టలు కట్టుకుని నిటారుగా నిలబడి పాడారు. 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు పాడారు. పాడి తెచ్చిన డబ్బుతో బడికి జూబిలీ హాలు కట్టారు.

రెండూ వేదికలే. రెండింటిలోనూ నల్లవాళ్ళ పాట అనే చెప్పారు. ఒకటి అవమానం, ఇంకొకటి గౌరవం ఎలా అయ్యాయి? మాకు మూడు తేడాలు కనిపిస్తున్నాయి. ఏం చూపించాలో ఎవరు నిర్ణయించారు? చూపించింది నిజమా? దాని ఫలం ఎవరికి చేరింది? ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబు ఉంటే ఎంత చిన్న అరుగు అయినా గౌరవమే. లేకపోతే ఎంత పెద్ద స్టేజీ అయినా వింత చూపించడమే. ఇంకో మాట కూడా ఉంది. జూబిలీ పిల్లలు మొదట పాడమన్నారు కదా, ఆ 'పాడం' అనే మాట చాలా విలువైనది. కాదనే వీలున్న మనిషి ఇస్తేనే అది కానుక. మన ఇళ్ళల్లో దేవర దగ్గర పాడే పాటలున్నాయి. పాము కాటుకు, విషపు కురుపుకు వాడే ఆకు పసర్లున్నాయి. వాటిలో ఏది నలుగురికీ చెప్పాలి, ఏది చెప్పకూడదు అని తేల్చవలసింది ఆ అవ్వలూ తాతలే. కార్యక్రమం పెట్టేవాళ్ళు కాదు, మేమూ కాదు.

ఆ పిల్లలు నాష్‌విల్ నుంచి బయలుదేరిన ఆరు రోజులకు, 1871 అక్టోబరు 12న, మన దేశంలో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిన, 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. ఎరుకల వాళ్ళనూ, మన యానాదుల్లో ఎందరినో ఆ జాబితాలో చేర్చారు. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసు పుస్తకంలో పేర్లు రాసి, హాజరు పిలిచారు. సెలవు చీటీ లేకుండా ఊరు దాటకూడదు. మన జిల్లాలోనే కావలిలో సెటిల్మెంటు ఉండేది. కప్పరాళ్ళతిప్ప పేరు చెబితే పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో తీసేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.

పండుగ రోజున ఈ ఏడుపు ఎందుకు అని కొందరు అడుగుతారు. చదువుకున్న మన కుర్రాళ్ళే అడుగుతారు. వాళ్ళ మాటను తేలిగ్గా తీసెయ్యలేము. గాయాన్ని పదేపదే గీకితే మానదు. కానీ గ్రామంలో ఏదైనా పోతే మొదట మన కాలనీ వైపే చూసే చూపు ఇంకా ఉంది. ఆ చూపు ఒక చట్టం వల్ల బలపడిందని తెలియని పిల్లవాడు ఏమనుకుంటాడు? లోపం తన రక్తంలోనే ఉందనుకుంటాడు. తేదీ తెలిస్తే, ఆ నింద ఒకరోజు మొదలైంది కాబట్టి ఒకరోజు పోతుందని కూడా తెలుస్తుంది. కాబట్టి ఆ చరిత్ర చెప్పడం ఏడుపు కాదు, పిల్లవాడి భుజం మీది బరువు దించడం. అయితే ఆటపాటల మధ్య దాన్ని ఇరికించవద్దు. దానికి వేరే గంట పెట్టాలి, చెప్పగలిగిన పెద్ద మనిషి చేత చెప్పించాలి.

మనకు ఇంకో మాట కూడా ఎదురవుతుంది. కోయలకు భాష ఉంది, గోండులకు గుస్సాడి ఉంది, మీకేముంది, మీరూ తెలుగే మాట్లాడతారు కదా అంటారు. అమెరికా నల్లవాళ్ళనూ ఇదే అడిగారు. వాళ్ళ ఆఫ్రికా భాషలను బానిసత్వం మింగేసింది. అందుకే వీళ్ళకు చరిత్రే లేదన్నారు. దానికి జవాబు చెప్పినవాడు మన వృత్తివాడే. కార్టర్ వుడ్సన్ 1875లో, ఒకప్పుడు బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టాడు. బొగ్గు గనుల్లో పనిచేశాడు. ఆలస్యంగా హైస్కూలు చదివి, టీచరై, 1912లో హార్వర్డులో డాక్టరేటు తీసుకున్నాడు. 1926 ఫిబ్రవరిలో నీగ్రో చరిత్ర వారం మొదలుపెట్టాడు. అదే 1976 నుంచి నెల రోజుల పండుగైంది. ఆయన తన వారాన్ని ఊరేగింపులతో సరిపెట్టలేదు. టీచర్లకు పాఠాలు, బొమ్మలు, పిల్లలు ఆడే నాటికలు తయారుచేసి పంపాడు. ఏడాది పొడవునా నేర్చుకున్నదాన్ని ఆ వారంలో చూపించాలన్నది ఆయన ఉద్దేశం. మనం ఇక్కడే జారిపోతున్నాం. ఆగస్టు 9న శాలువా, 10న మళ్ళీ పాత బడి.

మనకేముంది అన్నవాళ్ళకు జవాబు మన చుట్టూనే ఉంది. ఊత అల్లడం ఉంది. ఏ పుట్టలో ఏముందో మట్టి చూసి చెప్పడం ఉంది. వెలిగొండ అడవిలో తేనె తీసి, పట్టు మిగిల్చి రావడం ఉంది. పెంచలకోనలో నరసింహస్వామి పక్కన చెంచులక్ష్మి ఉంది. దేవుడికి పిల్లనిచ్చిన అడవి మనుషుల కథ అది. ఊరి భాగోతాల్లో సింగీ సింగడూ ఉన్నారు. వాళ్ళను చూసి ఊరు నవ్వింది. ఆ వేషాన్ని మనమే కట్టి, మన మాటే చెబితే ఊరు ఏం వింటుందో ఇంకా చూడలేదు.

పేరు పోయి పాట మిగిలితే ఏమవుతుందో తెలియాలంటే హైదరాబాదు చూడాలి. అక్కడి ఏసీ గార్డ్స్ పేట పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రపు దళంగా ఉన్న సిద్దీల వంశం వాళ్ళు అక్కడ బతుకుతున్నారు. యెమెన్ అరబ్బులతో, ఆఫ్రికా వాళ్ళతో వచ్చిన మర్ఫా వాయిద్యానికి హైదరాబాదు పెళ్ళి ఊరేగింపులన్నీ చిందేస్తాయి. చిందేసేవాళ్ళలో ఎందరికి ఆ దరువు ఎవరిదో తెలుసు? కర్ణాటకలో సిద్దీలు 2003 నుంచి షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణలో లేరు. దరువును మెచ్చుకోవడం, మనిషిని గుర్తించడం ఒకటి కాదు.

అయితే గౌరవం కోసం అబద్ధం చెప్పుకోవచ్చా? సహవాసి గారి తెలుగు అనువాదం 'ఏడు తరాలు' మనలో చాలామంది చదివారు. దాని మూలం, అలెక్స్ హేలీ 1976లో రాసిన పుస్తకం, తమ మూలాలు వెతుక్కునే ధైర్యాన్ని లక్షల మందికి ఇచ్చింది. అందులోని వంశవృక్షం వివరాలను తర్వాత చరిత్రకారులు ప్రశ్నించారు కూడా. రెండూ పిల్లలకు చెప్పాలి. యానాది అనే మాట 'అనాది' నుంచి వచ్చిందని మనం ఇష్టంగా చెప్పుకుంటాం. అది పెద్దలు చెప్పే మాట అని చెప్పండి, రుజువైన సంగతి అని చెప్పవద్దు. మనం రాజులం అని చెప్పుకుంటేనే తల ఎత్తుకోగలం అనుకుంటే, రాజు కాని మనిషికి గౌరవం లేదని మనమే ఒప్పుకున్నట్టు.

ఇక పట్నం పోయి చదువుకుంటూ తమ కులం చెప్పుకోని పిల్లలున్నారు. వాళ్ళను పిరికివాళ్ళని నిందించవద్దు. అద్దె గది దొరకడం కోసం నోరు మూసుకున్న పిల్లవాడి తప్పు ఏముంది? వాళ్ళు వేదిక ఎక్కకపోయినా మనవాళ్ళే. ఏదో ఒకరోజు వాళ్ళంతట వాళ్ళే వచ్చేలా మన పండుగ ఉండాలి.

అందుకని టీచర్లకూ యువకులకూ మేము చెప్పే పనులు చిన్నవి. ఏం ఆడాలి, ఏం పాడాలి అనేది కాలనీ పెద్దలూ పిల్లలూ కూర్చుని తేల్చాలి. మసి, ఈకల వేషాలు మీ బడిలో పెట్టనివ్వకండి. ఎందుకు వద్దో పెద్ద కులాల పిల్లలకు కూడా ఓపికగా చెప్పండి. పాడే అవ్వకు, అల్లి చూపించే తాతకు ఆ రోజు కూలి ఇవ్వండి. పండుగకు వస్తే వాళ్ళకు ఒక రోజు పని పోతుంది. శాలువాతో పొయ్యి వెలగదు. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసి, వాళ్ళ పేరుతోనే దాచండి. మన జిల్లా వాడైన వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల కోసం పనిచేసి, 1962లో మన మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆయనకు దణ్ణం పెట్టుకుందాం. తర్వాతి పుస్తకం మన పిల్లలు రాయాలి.

ప్రతి బడిలో ఒక పుస్తకం పెట్టి, నెలకు ఒక పెద్ద మనిషి పేరు, ఆయన ఊరు, ఆమెకు వచ్చిన పని, ఆమె చెప్పిన మాట పిల్లల చేత రాయించండి. ఒకప్పుడు మన పేర్లు పోలీసు పుస్తకంలో మాత్రమే ఉండేవి. ఆ పేర్లను మన పిల్లల చేతిరాతలో, వాళ్ళకు తెలిసిన మంచితో కలిపి రాయడం మొదలుపెడితే, ఆగస్టు 9న వేదిక మీద ఏం చెప్పాలా అని వెతుక్కోనక్కరలేదు.