మంద దగ్గర మిగిలినవాడు



క్రిస్మసుకు నక్షత్రం కట్టని కతోలిక ఇల్లు మన ఊళ్లలో అరుదు. కొన్నేళ్ల క్రితం ఆగమనకాలంలో మా విచారణలో ఇళ్లు దర్శిస్తుండగా అలాంటి ఇల్లొకటి కనబడింది. లోపల పశువుల పాక కూడా పెట్టలేదు. కారణం అడిగితే ఆ ఇంటి తల్లి, "నా బిడ్డ సియాచిన్ మంచులో ఉన్నాడు ఫాదర్‌గారూ. వాడికి పూజ లేదు, పండుగ లేదు. నాకు మాత్రం ఎందుకు?" అన్నది.

"దేవుడు అంతటా ఉన్నాడమ్మా" అని చెప్పి వచ్చేశాను. అది అబద్ధం కాదు. కాని ఆ తల్లికి అది చాలదని చెప్పేటప్పుడే నాకు తెలుసు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్న మాకు ఈ జబ్బు కొంచెం ఎక్కువ. కన్నీళ్లకు సిద్ధాంతంతో జవాబు చెబుతాం.

ఆమె బెంగ ఉత్తది కాదు. 1984 ఏప్రిల్ నుంచి మన సైనికులు ఆ మంచు మీద కాపలా ఉన్నారు. 2003 నవంబరులో కాల్పులు ఆగినా చలి ఆగలేదు. కొన్ని పోస్టులు 20 వేల అడుగులకు పైన ఉంటాయి. శీతకాలంలో మైనస్ 50 డిగ్రీల దాకా పడిపోతుంది. తాగునీరు కావాలంటే మంచు కరిగించుకోవాలి. ఆ పోస్టుల్లో ఉండేది కొద్దిమందే. పూజ చెప్పడానికి గురువు ఎక్కి వెళ్లగల చోటు కాదది.

అలాంటి స్థితిలో ఉన్నవారిని తిరుసభ తప్పు పట్టదు. 1983 నాటి తిరుసభ చట్టంలో 1248వ సూత్రం చూడండి. గురువు లేక పూజ దొరకనప్పుడు ఒంటరిగా గాని, కుటుంబంగా గాని, కలిసి గాని కొంతసేపు ప్రార్థనలో గడపమని గట్టిగా కోరుతుంది. అయితే ఆ మంచులో కుటుంబమంటే ఎవరు?

దీనికి జవాబు నేను చెప్పలేదు. సెలవు మీద వచ్చిన ఆ కుమారుడే చెప్పాడు. క్రిస్మసు రాత్రి కాపలా వంతు అతనిదట. జతగాడైన తమిళ కుర్రవాడు, హిందువు, "ఇది నీ పండుగ, నువ్వు లోపల కూర్చో" అని తన వంతుతో పాటు ఆ వంతు కూడా తానే నిలబడ్డాడు. మిగిలినవాళ్లు స్టౌ చుట్టూ చేరారు. ఒకడు రవ్వ, పాలపొడి కలిపి హల్వా చేశాడు. మనవాడు జేబులోని చిన్న నూతన నిబంధన తీసి లూకా సువార్త రెండో అధ్యాయం చదివి, వచ్చీరాని హిందీలో అర్థం చెప్పాడు. సంక్రాంతినాడు, అంటే వాళ్ల పొంగలుకు, ఆ తమిళ కుర్రవాడి కాపలా ఇతను నిలబడ్డాడు.

ఇదంతా తియ్యటి కథ అనుకోవద్దు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడి పదిమంది దాని కింద కూరుకుపోయారు. వారిలో మన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. తమిళనాడు, కర్ణాటక, కేరళ, మహారాష్ట్రల బిడ్డలు ఉన్నారు. ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికిన హనుమంతప్ప కూడా 11వ తేదీన కన్నుమూశాడు. ఒక్క గుడారం కింద తిని పడుకున్నవాళ్లను మంచు కూడా విడదీయలేకపోయింది.

మొదటి క్రిస్మసు మాత్రం సొంత ఇంట్లో జరిగిందా? చక్రవర్తి ఆజ్ఞ వచ్చిందని జోజప్ప, నిండు చూలాలైన మరియమాతను తీసుకొని నజరేతు విడిచి బయలుదేరాడు. శుభవార్త ముందుగా అందింది కూడా రాత్రి కాపలాలో ఉన్నవాళ్లకే (లూకా 2:8). దేవదూత మాట విని కాపరులు బేత్లెహేముకు పరుగెత్తారు. మరి మందను ఎవరు చూశారు? లూకా చెప్పలేదు. నా ఊహ ఏమిటంటే, ఒకడైనా ఆగిపోయి ఉంటాడు, "మీరు వెళ్లి చూసి రండి, గొర్రెల్ని నేను చూసుకుంటాను" అని. అతడు బాలయేసును చూడలేదు. కాని మిగిలినవాళ్లు చూడగలిగింది అతని వల్లనే.

ఈ నడిరేయి పూజకు మీరు కొత్త బట్టలతో గుడికి వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడ్డ పోలీసును చూడండి. ఆసుపత్రిలో డ్యూటీ మార్చుకొని మీ అమ్మాయిని పండుగకు పంపిన నర్సును గుర్తు తెచ్చుకోండి. మీ ఇంటి సైనికుడు ఫోనుకు అందితే, "నీ వంతు ఎవరు నిలబడ్డారు నాయనా?" అని అడగండి. ఆ పేరు మీ కుటుంబ జపమాలలో చేర్చుకోండి.

ఆ తల్లి మరుసటి ఏడాది నక్షత్రం కట్టింది. కొడుకు ఆ ఏడూ రాలేదు. పండుగకు వారం ముందు గురువుల ఇంటికి వచ్చి, కొంగు ముడి విప్పి డబ్బు బల్లమీద పెట్టి, "ఈ పేరున ఒక పూజ చెప్పాలి ఫాదర్‌గారూ" అన్నది. తమిళ పేరు. నాకు నోరు తిరగక రెండుసార్లు అడిగి పూజల పుస్తకంలో రాసుకున్నాను.